హెలిక్స్‌కు తెలుగులో ఏ మాట: సర్పిలమా, కుండలియా, పురియా, నులియా?

వృక్షశాస్త్రం_హన్మకొండ

సభ్యులందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఇంటర్ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతాను. గత వారం డీఎన్ఏ పాఠం జరుగుతుండగా, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన ఒక అమ్మాయి లేచి అడిగిన ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఆమె చూసిన ఒక పుస్తకంలో డీఎన్ఏ ఆకారాన్ని ‘ద్వికుండలి’ అన్నారట, మరొక దానిలో ‘ద్విసర్పిలం’ అన్నారట. పాలపుంతను కూడా ‘సర్పిలాకార’ నక్షత్రవీధి అనే రాశారట. “డీఎన్ఏ మెట్ల లెక్క పైకి పోతది, పాలపుంత అప్పడం లెక్క పరుచుకొని ఉంటది, రెండింటికీ ఒకటే మాట ఎట్లయితది మేడం?” అని అడిగింది.

ఇంగ్లిషులో ఒకటి హెలిక్స్, ఇంకొకటి స్పైరల్ అని చెప్పి తప్పించుకున్నాను. కానీ ఆ రెండు మాటలకూ అసలు అర్థమేమిటో, ఎక్కడి నుంచి వచ్చాయో, తెలుగులో వాటిని వేరుచేసి చెప్పగల మాటలు మనకున్నాయో లేవో తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

గణితం_కరీంనగర్

మేడం, మీ విద్యార్థిని సరైన చోటనే పట్టుకుంది. రెండు గీతలూ తిరుగుతాయి. ఒకటి తిరుగుతూ కేంద్రానికి దూరం జరుగుతుంది, ఇంకొకటి నడిమి అక్షానికి ఎప్పుడూ అంతే దూరంలో ఉండి తిరుగుతూ పైకి పోతుంది. మొదటిది కాగితం మీద పడుకొని ఉంటుంది, అది స్పైరల్. రెండవదానికి గొట్టం కావాలి, అది హెలిక్స్.

నేను తరగతిలో దీనికి రెండు వస్తువులు చూపించేవాడిని. మొదటిది దోమలు పోవడానికి వెలిగించే చుట్ట, అదే మస్కిటో కాయిల్. ప్యాకెట్టులో రెండు చుట్టలు ఒకదానిలో ఒకటి ఇరుక్కొని ఉంటాయి, విడదీయబోతే ఒకటి విరగడం అందరికీ అనుభవమే. అవి అట్లా ఇమిడిపోవడానికి కారణం, చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం మొదటి నుంచి చివరి దాకా సమానంగా ఉండటమే. ఈ సమాన ఎడం గల గీతను క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడిస్ పరిశీలించాడు కనుక దానికి అతని పేరే ఉంది. రెండవది ఒక తెల్ల కాగితం. దాని మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా గీత గీసి, కాగితాన్ని గొట్టంలా చుడితే, గీత బయటి వైపు హెలిక్స్‌గా కనిపిస్తుంది. విప్పి పరిస్తే మళ్లీ తిన్నని గీతే. పిల్లలకు దీనికి మించిన నిర్వచనం అవసరం లేదని నా అనుభవం.

వాడుకలో ఇంగ్లిషువారు కూడా ఈ తేడా పాటించరు. జిరాక్స్ దుకాణంలో మనం చేయించే స్పైరల్ బైండింగ్‌లోని ప్లాస్టిక్ తీగ స్పైరల్ కానే కాదు, అచ్చమైన హెలిక్స్. మేడ మీదికి పోయే స్పైరల్ మెట్లు కూడా అంతే. ఇంకా విచిత్రమేమిటంటే, ఆర్కిమెడిస్ ఆ చదునైన చుట్టల మీద రాసిన గ్రంథంలో వాటిని పిలిచిన మాట ‘హెలిక్స్’. అంటే గ్రీకులకే ఈ రెండూ ఒక మాటలో ఇమిడిపోయాయి.

ఒక చిన్న పక్కదారి. చుట్టు చుట్టుకూ ఎడం ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోయే ఇంకో రకం చుట్ట ఉంది, దానిని లాగరిథమిక్ స్పైరల్ అంటారు. ఎంత పెద్దదిగా చేసినా దాని రూపం మారదు. స్విట్జర్లాండులోని బాజెల్‌కు చెందిన గణితజ్ఞుడు జాకబ్ బెర్నూలీకి అది ఎంత నచ్చిందంటే, తన సమాధి మీద దానినే చెక్కమని కోరాడు. ఆయన 1705లో పోయాడు. రాయి చెక్కినవాడు మాత్రం ఆర్కిమెడిస్ చుట్ట చెక్కి పెట్టాడు. ఆ చుట్టను అంతగా మెచ్చిన మనిషి సమాధి మీదనే ఆ తేడా చెరిగిపోయింది.

పదమూలం

గణితం సార్ చెప్పిన దానికి మాటల వైపు నుంచి కొంత చేరుస్తాను.

గ్రీకు ‘హెలిక్స్’ అంటే మెలితిరిగినది. తిప్పడం, చుట్టడం అనే అర్థం గల క్రియ నుంచి పుట్టింది. ఆ భాషలో ఈ మాట శాస్త్రజ్ఞుల కోసం పుట్టలేదు. ద్రాక్ష తీగ, ఐవీ తీగ కొసలలో మెలికలు పడి పట్టుకునే సన్నని పోగును అట్లా పిలిచేవారు. చేతికి చుట్టుకునే మెలి ఆభరణాన్ని కూడా అదే మాటతో పిలిచేవారు. ఐవీ మొక్క శాస్త్రీయ నామం ఈనాటికీ ‘హెడెరా హెలిక్స్’. చుట్టల గుల్ల మోసే నత్తల ఒక ప్రజాతికి పేరు ‘హెలిక్స్’. మీ చెవి అంచున లోపలికి మడిచినట్టుండే గట్టుకు కూడా శరీరశాస్త్రంలో ఇదే పేరు.

ఈ మాట వెనక ఉన్న ప్రాచీన ధాతువుకు తిరగడం, దొర్లడం అని అర్థం. లాటిన్‌లో దొర్లించడానికి వాడే ‘వోల్వెరె’ దాని నుంచే వచ్చింది. పుస్తక సంపుటాన్ని వాల్యూమ్ అనడం కూడా అక్కడిదే, ఎందుకంటే పూర్వం పుస్తకమంటే చుట్టిన చుట్ట. భాషాశాస్త్రజ్ఞులు ఇదే కుటుంబంలో సంస్కృత ‘వలయం’ను చేరుస్తారు. వలయమంటే కంకణం. గ్రీకు హెలిక్స్‌కు కూడా చేతి ఆభరణమనే అర్థం ఉందని పైన చెప్పాను కదా. కనుక హెలిక్స్ మనకు పూర్తిగా పరాయిది కాదు, దూరపు చుట్టం.

‘స్పైరల్’ మాట వేరు. దానికి మూలం లాటిన్ ‘స్పైరా’, దానికి గ్రీకు ‘స్పెయిరా’. చుట్ట, మెలిక అని అర్థం. ఇంటర్ బైపీసీ చదివిన ప్రతివారికీ తెలిసిన స్పైరోగైరాలో ఉన్నది ఇదే. అయితే ఆ నాచు కణంలో రిబ్బనులాంటి హరితరేణువు గోడ వెంట మెలికలుగా పైకి పోతుంది. పేరు స్పైరల్‌ది, ఆకారం హెలిక్స్‌ది. శ్వాసను కొలిచే స్పైరోమీటరును మాత్రం దీనితో కలపవద్దు, అది ఊపిరి తీయడమనే వేరే లాటిన్ క్రియ నుంచి వచ్చింది.

జగిత్యాల_డిగ్రీ

పదమూలం సార్, నాదొక సందేహం. హెలికాప్టర్‌లో ఉన్నది ఈ హెలిక్సేనా? అట్లయితే హీలియంలో కూడా ఇదే ఉందా?

పదమూలం

హెలికాప్టర్‌లో ఉన్నది ఇదే. మనం ‘హెలి’, ‘కాప్టర్’ అని విరుస్తాం కాని అది తప్పు విరుపు. ‘హెలికో’ అంటే మెలిక, ‘ప్టెరోన్’ అంటే రెక్క. 1861లో పాంటన్ డి అమెకూర్ అనే ఫ్రెంచివాడు ఈ పేరు పెట్టాడు. గాలిలోకి మర తిప్పినట్టు ఎక్కే రెక్క అని భావం.

హీలియం వేరు. అది సూర్యుని పేరైన ‘హీలియోస్’ నుంచి వచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు జాన్‌సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు మన గుంటూరుకు వచ్చి వర్ణపటాన్ని పరిశీలించాడు. హీలియం కథ అక్కడ మొదలవుతుంది. చెవికి ఒకటిగా వినిపించినా ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు.

బోగీస్ప్రింగు_కాజీపేట

మా పనిలో ఈ తేడా తప్పితే కుదరదు. రైలు పెట్టె కింద చక్రాలుండే చట్రాన్ని మేము బోగీ అంటాం, అందులో బరువు మోసేది హెలికల్ స్ప్రింగ్, అది పైనుంచి నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. చేతి గడియారంలో కీ ఇచ్చినప్పుడు బిగిసేది స్పైరల్ స్ప్రింగ్, అది చదునుగా చుట్టుకొని విప్పుకుంటుంది. కాగితాల మీద పేర్లు సరిగ్గానే ఉంటాయి. పని దగ్గర మాత్రం రెండింటినీ కాయిల్ అనే పిలుస్తాం, ఎవరికీ ఇబ్బంది కాలేదు.

కొత్తవాడ_పోగు

నేను వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే కుటుంబంలో పుట్టినవాడిని. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత మా వాడను గురించి నలుగురూ రాశారు, కానీ మా మాటలను గురించి ఎవరూ రాయలేదు. అందుకే ఇక్కడ ఒక మాట చెప్పాలనిపించింది.

పత్తి నుంచి తీసిన నారలు దారంగా నిలబడటానికి కారణం ఒక్కటే, పురి. పురి లేకపోతే అది దూది. పురి తక్కువైతే పోగు మగ్గం మీద తెగుతుంది, ఎక్కువైతే వదిలీ వదలగానే తనమీద తానే ముడిపడి ఉండలు కడుతుంది. మీరు చెప్పిన హెలిక్స్‌ను మా నాయన చేతివేళ్లతో రోజూ కొలిచేవాడు. పోగును రెండు వేళ్ల మధ్య పెట్టి ఎదురు తిప్పి, ఎన్ని తిప్పులకు నారలు విడిపోతున్నాయో చూసి, నూలు మంచిదో కాదో చెప్పేవాడు. పొట్లం కట్టే పురికొసలో ఉన్నది కూడా ఈ పురే. నా మాటగా డీఎన్ఏను ‘జంట పురి’ అంటే మా వాడలో చిన్న పిల్లవాడికి కూడా బొమ్మ అక్కర్లేకుండా అర్థమవుతుంది.

అమ్మమ్మ_వంటిల్లు_జగిత్యాల

పెద్దవాళ్ల శాస్త్రచర్చలో వంటింటి మాట తెస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. కాని మీరు వెతుకుతున్న రెండు ఆకారాలూ ప్రతి సంక్రాంతికి మన ఇళ్లలో ఒకే వస్తువులో ఉంటాయి. అది సకినం.

తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి పెడతాం. చిన్న ముద్ద తీసుకొని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెలి తిప్పుతూ శుభ్రమైన బట్ట మీద వదులుతూ పోవాలి. చేయి తిరిగిన వాళ్లు చుట్టిన సకినాన్ని దగ్గర పెట్టుకొని చూడండి. ఆ సన్నని పోగు మీద తాడు మీద ఉన్నట్టు ఏటవాలు గీతలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి, మధ్య మధ్య నువ్వు గింజ ఆ మెలికలో ఇరుక్కొని ఉంటుంది. అది గణితం సార్ చెప్పిన హెలిక్స్. ఆ మెలిపోగే మధ్యలో చిన్న గుండ్రంతో మొదలై మూడు నాలుగు చుట్లు తిరిగి బయటికి వస్తుంది. అది స్పైరల్. మెలి సరిగ్గా పడని సకినం నూనెలో వేయగానే చుట్లు విడిపోతాయి. మా అత్తమ్మ కొత్త కోడళ్లకు చెప్పేది ఒక్కటే మాట: “మెలి పడాలె, చుట్టు కలవాలె.” ఆమె ఏనాడో ఈ రెండింటికీ రెండు వేరు మాటలు వాడింది.

వృక్షశాస్త్రం_హన్మకొండ

అమ్మమ్మ గారూ, ఏమీ అనుకోవడం దేనికి, ఇప్పటిదాకా ఈ చర్చలో ఇంత స్పష్టంగా చూపించినవారు లేరు. సంక్రాంతి దాకా ఆగకుండా రేపే దుకాణం నుంచి సకినాలు కొని తరగతికి తీసుకుపోతాను.

స్పైరల్‌కు ‘చుట్ట’ సరిపోతుందని నాకూ అనిపిస్తోంది. హెలిక్స్‌కు పురియా, మెలియా అన్నది మిగిలింది. మరి సర్పిలం సంగతి ఏమిటి? అది తప్పు మాటా?

పదమూలం

తప్పు అనలేం మేడం. సర్పిలానికి మూలం ‘సృప్’ అనే సంస్కృత ధాతువు, పాకడం అని అర్థం. సర్పమంటే పాకేది. లాటిన్ ‘సెర్పెన్స్’, గ్రీకులో పాకడానికి వాడే ‘హెర్పెయిన్’ ఈ కుటుంబానివే. ఒంటి మీద పాకుతున్నట్టు పొక్కులు లేచే జబ్బును ఇంగ్లిషులో హెర్పిస్ అంటే, మన ఊళ్లలో సర్పి అంటారు. అంటే రెండు చోట్లా ఒకే ఊహ. కాని గమనించండి, ఆ ధాతువులో పాకడం ఉందే గాని చుట్టుకోవడం లేదు. చుట్ట చుట్టుకున్న పామును తలచుకున్నవారికి సర్పిలం చదునైన స్పైరల్ అవుతుంది. మన గుళ్ల ముందు నాగశిలల మీద పెనవేసుకొని నిలువునా లేచిన జంట పాములను తలచుకున్నవారికి అదే మాట డబుల్ హెలిక్స్ అవుతుంది. గందరగోళం అక్కడి నుంచే వచ్చింది. కుండలికి కూడా ఇదే ఇబ్బంది. కుండలమంటే చెవికి పెట్టుకునే గుండ్రని నగ, కుండలి అంటే చుట్టలు గలది, అంటే పామే. పైకి ఎక్కడమనే భావం ఈ రెండు మాటలలో దేనిలోనూ లేదు.

పురి మంచి మాటే కాని దానికి పోటీదారులు ఎక్కువ. నెమలి పురి విప్పుతుంది, ఊరి పేర్ల చివర పురి ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ‘పురి’ అని ఒంటరిగా కనిపిస్తే పిల్లలు తడబడతారేమో.

వృక్షశాస్త్రం_హన్మకొండ

నిన్న సాయంత్రం ఒక విషయం తట్టింది. ఇంత దగ్గర ఉన్నదాన్ని ఇన్నాళ్లు చూడనందుకు నాకే సిగ్గనిపించింది.

పదమూలం సార్ మొదట ఏమన్నారు? గ్రీకులో హెలిక్స్ అంటే ద్రాక్ష తీగ కొసలో మెలికపడే సన్నని పోగు అన్నారు. ఆ అవయవాన్ని నేను ఇరవై ఏళ్లుగా తరగతిలో ఏమని పిలుస్తున్నాను? నులితీగ. నులి అంటే మెలి. బట్ట పిండేటప్పుడు నులుముతాం, మెలితిప్పిన తాడును నులక అంటాం, దానితో అల్లితే నులక మంచం. గ్రీకులు తీగ కొస దగ్గర నిలబడి మాట తీసుకుంటే, తెలుగువాళ్లు కూడా సరిగ్గా అక్కడే నిలబడి మాట పెట్టారు. హెలిక్స్‌కు ‘నులి’, డబుల్ హెలిక్స్‌కు ‘జంట నులి’, హెలికల్‌కు ‘నులి ఆకారపు’ అంటే అనువాదం కాదు, అదే వస్తువుకు మనం ముందే పెట్టుకున్న పేరు.

మా పెరటి బీరపాదు దగ్గర కూర్చొని ఒక నులితీగను అరగంట చూశాను. కొస వెళ్లి కర్రను పట్టుకున్నాక నడిమి భాగం మెలికలు పడుతుంది. సగం దూరం మెలికలన్నీ ఒక వైపు తిరిగాయి, మధ్యలో ఒక చిన్న తిన్నని ముక్క వచ్చింది, అక్కడి నుంచి మెలికలన్నీ ఎదురు వైపు తిరిగాయి. రెండు కొసలూ కట్టేసి ఉన్న పోగు ఒకే వైపు మెలికపడటం కుదరదు, ఒక వైపు పడినన్ని రెండో వైపు కూడా పడాలి. 1865లో తీగ మొక్కల మీద రాసినప్పుడు డార్విన్ దీనిని వివరించాడు.

చెవిముక్కుగొంతు_నిజామాబాద్

నులికి నాదొక చిన్న అభ్యంతరం. నా దగ్గరికి వచ్చేవారు నులి అనగానే కడుపు పట్టుకుంటారు. నులినొప్పి, నులిపురుగులు వాళ్ల నోట రోజూ వినే మాటలు. బడులలో ఏటా నులిపురుగుల మాత్రలు మింగిస్తున్నారు కనుక పిల్లలకు మొదట గుర్తుకు వచ్చేది అదే. డీఎన్ఏకు జంట నులి అంటే వెనక బెంచీలో నవ్వు వినిపిస్తుంది.

అయినా శాస్త్రం కూడా అటే పోయిందని ఒప్పుకోవాలి. కడుపులో పుండుకు కారణమయ్యే సూక్ష్మజీవికి పెట్టిన పేరు హెలికోబాక్టర్, అంటే మెలికల బాక్టీరియా. దానిని పట్టి చూపించిన వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అక్కడా కడుపే, ఇక్కడా కడుపే. చెవి విషయానికి వస్తే, లోపలి చెవిలో రెండున్నరకు పైగా చుట్లు తిరిగే కాక్లియాకు గ్రీకులో నత్త అని అర్థం. మన పుస్తకాలలో దానిని కర్ణావర్తం అన్నారు. తిరుగుడు అనే అర్థం గల ఆవర్తం అక్కడ చక్కగా కుదిరింది.

గణితం_కరీంనగర్

నవ్వినా ఫరవాలేదు డాక్టర్ గారూ, నవ్విన మాట మరిచిపోరు. నా ఓటు నులికే.

కాని మాట స్థిరపడితే సరిపోదు, ఎటు వైపు నులి అన్నది కూడా చెప్పాలి. హెలిక్స్‌కు కుడి, ఎడమ ఉంటాయి. దానిని నిలువుగా పట్టుకుంటే, మీకు ఎదురుగా ఉన్న మెలికలు ఎడమ కింది నుంచి కుడి పైకి పోతుంటే కుడి నులి, దానికి ఎదురైతే ఎడమ నులి. మామూలు మరమేకు కుడి నులి. 1953 ఏప్రిల్ 25 నాటి ‘నేచర్’ పత్రికలో వాట్సన్, క్రిక్ ప్రకటించిన డీఎన్ఏ కూడా కుడి నులే. అయితే ప్రకటనల మీద, పోస్టర్ల మీద దానిని తిరగేసి గీయడం ఎంత మామూలైపోయిందంటే, మా దగ్గర ఒక సైన్సు ప్రదర్శన ద్వారం మీద కట్టిన బ్యానరులో మూడు డీఎన్ఏ బొమ్మలుంటే మూడూ ఎడమకే తిరిగి ఉన్నాయి.

శంఖాల విషయం ఇంకా చిక్కు. మన సంప్రదాయంలో దక్షిణావర్తమని ఎంతో ధర పెట్టి కొనే అరుదైన శంఖాన్ని జీవశాస్త్రజ్ఞులు ఎడమ చుట్టు గలది అంటారు. ఇందులో ఎవరూ అబద్ధమాడటం లేదు. వాళ్లు చుట్లు మొదలయ్యే మొనను పైకి పెట్టి చూస్తారు, మనం దానిని కిందికి పెట్టి చూస్తాం. నులిని తలకిందులు చేసినా దాని వైపు మారదు, కాని చూసేవాళ్లు నోరు ఎటు తెరుచుకుందో చూసి పేరు పెడితే ఆ పేరు మారిపోతుంది.

కొత్తవాడ_పోగు

గణితం సార్ చెప్పిన పద్ధతిలో మా ఇంట్లో ఉన్న నూలును భూతద్దం కింద పెట్టి చూశాను. మిల్లు నుంచి వచ్చిన ఒంటి పోగులో నారలు ఎడమ కింది నుంచి కుడి పైకి పోతున్నాయి, మీ మరమేకు దారి. నూలు వ్యాపారంలో దానిని జెడ్ పురి అంటారు, జెడ్ అక్షరంలోని నడిమి గీత వాలు అదే కనుక. అవే పోగులు రెండు కలిపి పేనిన రెండు పేటల దారంలో పేటలు ఎదురు దారిన పోతున్నాయి, అది ఎస్ పురి. ఇది పొరపాటున జరిగేది కాదు. ఒంటి పోగు విప్పుకోవాలని చూస్తుంది, ఎదురు వైపు పేనితే ఆ విప్పుకునే ఊపే రెండు పేటలనూ ఒకదానికొకటి బిగిస్తుంది. మెలివిప్పినంత దూరం మీరూ చూడవచ్చు, పేటలను విడదీస్తూ పోతుంటే ఒక్కొక్క పోగు ఇంకా బిగుసుకుంటుంది.

పురి ఓడిపోయినందుకు నాకు బాధ లేదు. నులక నేసినవాళ్లు కూడా మావాళ్లే.

వృక్షశాస్త్రం_హన్మకొండ

ఎదురు పేనడం చదవగానే కొలాజెన్ గుర్తుకు వచ్చింది. మన చర్మంలో, కండరబంధాలలో బలమిచ్చే ఆ మాంసకృత్తుకు మూడు పోగుల నిర్మాణాన్ని మద్రాసులో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954, 1955లలో ప్రతిపాదించారు. అందులో ఒక్కొక్క పోగు ఎడమ నులి, మూడూ కలిసి పేనుకున్న తాడు కుడి నులి. కొత్తవాడ దారంలో ఉన్న ఉపాయమే, వైపులు మాత్రం తారుమారు.

ఈ రోజు తరగతికి ఒక బీర నులితీగ, రెండు సకినాలు, ఒక మూర పురికొస తీసుకుపోయాను. ప్రశ్న అడిగిన అమ్మాయి పురికొసను వెలుతురుకు పట్టుకొని వాలు చూసి, తరువాత పేటలు విప్పి ఒంటి పోగు వాలు చూసి, రెండూ ఎదురెదురుగా ఉన్నాయని తనంతట తానే చెప్పింది. పుస్తకం మార్జినులో పెన్సిలుతో ‘జంట నులి’ అని రాసుకుంది. పరీక్షలో మాత్రం అచ్చులో ఉన్న మాటే రాయాలని నేను చెప్పవలసి వచ్చింది. ఈలోగా వెనక బెంచీవాళ్లు సకినాలు తినేశారు.